ప్లీడరు నెమరు మానేసింది

ఫిబ్రవరి 6

పెద్ద చదువుల ఆడపడుచుకి,

మీ వదిన రాస్తున్నాను. మొదటి పెట్టె పంపాను, చూసుకో. ఆరు మేకల పెంటికలూ ఆరు సీసాల్లో ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే తెల్లారగానే, కింద పడకముందే చేత్తో పట్టాను. ఆడపడుచు కోసం మేకల వెనక చెయ్యి చాపి నిలబడతానని పెళ్ళయిన కొత్తలో ఎవరైనా చెప్పుంటే నమ్మేదాన్ని కాదు. పెట్టెలో ఐసు చూసి బస్సు కండక్టరు చేపలా అని అడిగాడు. అవునన్నాను. కాసేపు వాసన చూసి, "ఏ నీళ్ళలో పెరిగినవమ్మా ఇవి?" అన్నాడు.

మేత సంగతి నువ్వు గీసిచ్చినట్టే జరుగుతోంది. నీలం తాడు మేకలకి ఆకులూ ఎండుగడ్డీ, ఎర్ర తాడు మేకలకి మీ సంస్థ బస్తాల్లో పంపిన దాణా. ప్లీడరుది నీలం తాడు. దాణా వాసన వస్తుంటే తనకి ఆకులేమిటని రోజంతా వాదిస్తూనే ఉంది. ఊరికే ఆ పేరు పెట్టలేదు దానికి.

ఇక ఇంటి సంగతి. మీ అన్నయ్య వాలకం నాకు నచ్చడం లేదు. ఇదివరకు నా ఎదురుగా కూర్చుని, పొద్దున్నించి షాపుకి వచ్చిన సైకిళ్ళన్నిటి జాతకాలూ చెబుతూ తినేవారు. ఇప్పుడు కంచం పట్టుకుని మేకల పాకలోకి పోయి, ప్లీడరు గుంజ పక్కన స్టూలు వేసుకుని తింటున్నారు. ఏమిటిది అంటే లోపల గాలాడ్డం లేదంటారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ మేతకి అన్నాడట వెనకటికొకడు. గురువారం వస్తే షాపు మూసేసి, సామాను కొనాలని పెద్ద బజారుకి పోతున్నారు. చీకటి పడే వేళకి సంచిలో ఒక చైనూ, రెండు ట్యూబులూ వేసుకుని వస్తారు. దానికి రోజంతా పడుతుందా? పైగా మనిషి సన్నబడ్డారు. మేకు పెట్టి బెల్టుకి కొత్త కన్నం కొట్టుకున్నారు. ఈ వయసులో మగవాడు పొట్ట తగ్గించుకుంటున్నాడంటే అది కట్టుకున్నదానికి చూపించడానికి కాదు.

నువ్వొచ్చి వెళ్ళిన దగ్గర్నించే ఇదంతా మొదలైంది. రెండు పూటలు నువ్వు వండావు. ఆయన మారు వడ్డించుకున్నారు. "అన్నయ్యకి నా చేతి వంటయితేనే దిగుతుంది" అన్నావు. అన్నావా, లేదా? నేనేమీ మనసులో పెట్టుకోలేదు. మీరిద్దరూ నాకు తెలియకుండా ఏమైనా అనుకుని ఉంటే మాత్రం చెప్పు.

నీ వదిన

ఫిబ్రవరి 11

వదినకి,

చేపలు క్షేమంగా అందాయి. లాబ్ ఫ్రిజ్జులో పెట్టాను. పక్కనే మా అటెండరు భోజనం డబ్బా పెడతాడు. పాపం, రెండు రోజులుగా బయటే తింటున్నాడు.

ఇన్ని పెంటికలు ఏం చేసుకుంటావని చుట్టుపక్కలవాళ్ళు అడుగుతున్నారేమో, నువ్వే చెప్పు. మేక కడుపులో కంటికి కనపడని జీవులు కోటానుకోట్లు ఉంటాయి. నిజానికి గడ్డిని అరిగించేది మేక కాదు, అవే. మేక నమిలి లోపల పడేస్తుంది, అవి వండి పెడతాయి. వాటిలో ఆకుల నార తినేవి ఒక జాతి, గింజల్లో పిండి తినేవి ఇంకో జాతి. ఏ మేత వేస్తే ఆ జాతికి బలం. ఒక్కసారిగా పిండి ఎక్కువైతే కడుపు పులిసిపోతుంది, నార తినేవి చచ్చిపోతాయి, మేక నెమరు మానేస్తుంది. ఏ మేతకి ఏ జాతి ఎంత పెరుగుతుందో లెక్క తేలుద్దామని ఈ తంటా అంతా. అందుకే నీలం తాడు మేకలకి గింజ తగలకూడదు. మెతుకు కూడా తగలకూడదు. నీ చెయ్యి దయగల చెయ్యి అని తెలుసు, దాన్ని కాస్త కట్టేసుకో.

అన్నయ్య సంగతికొస్తే, నీ అనుమానానికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. పంక్చరు తప్ప లోకంలో ఇంకో కష్టం ఉందని ఎరగని మనిషి. ఆయన్ని ఎగరేసుకుపోవడానికి ఎవరో కాచుకుని కూర్చున్నారా? పాకలో తింటే తిననీ. నువ్వు ఎదురుగా కూర్చుంటే మాట్లాడేది ఎక్కువ నువ్వే. కాసేపు ప్లీడరుకి ఆ అవకాశం ఇచ్చాడనుకో.

వంట మాట అన్నాను. సరదాకి అన్నాను. నువ్వు మనసులో పెట్టుకోకపోవడం ఎంత బాగుందంటే, పూటల లెక్కతో సహా గుర్తుంది నీకు.

ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అని అన్నయ్య అన్నాడు. వద్దన్నాను. ఫోనైతే మనిద్దరికీ నోరు ముందు పోతుంది. ఉత్తరమైతే తిట్టే ముందు కనీసం కలం వెతుక్కోవాలి.

నీ ఆడపడుచు

ఫిబ్రవరి 21

చదువుల తల్లికి,

నా చెయ్యి కట్టేసుకోమన్నావు. కట్టేసుకునే ఉన్నాను. అయినా ప్లీడరుకి బాగాలేదు. పెంటికలు గుండ్రంగా పడడం లేదు, ముద్దలా జారుతోంది. ఆకులు ముట్టడం లేదు. నిన్నంతా నెమరు వెయ్యలేదు. నోరు మూసుకుని కూర్చుంది, దాని నోరు మూత పడితే నాకు భయమేసింది. మా అమ్మ చేసినట్టే చేశాను. చుక్కమేక నెమరేస్తుంటే దాని దవడ పట్టి, నోట్లో ముద్ద వేలితో లాగి ప్లీడరు నోట్లో పెట్టాను. చుక్క నన్ను చూసిన చూపు నువ్వు కూడా ఎప్పుడూ చూడలేదు. ఇవాళ కాస్త దవడ ఆడిస్తోంది.

నాకు మీ బస్తాల మనిషి మీద అనుమానంగా ఉంది. మొన్న దాణా దించడానికి వచ్చి, అడక్కుండానే పాకంతా తిరిగాడు. నీలం తాళ్ళ వైపు వాడికేం పని? దోసిట్లో ఏదో పెట్టుకుని ఉంటాడు. మీ సంస్థలో నీ పరీక్ష చెడితే సంతోషించేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో.

నవ్వాలో కోప్పడాలో తెలియలేదన్నావు కదా, ఇది విని రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకో. పక్కింటి టైలరమ్మ గురువారం పెద్ద బజారుకి వెళ్ళింది. మీ అన్నయ్యని చూసిందట. సైకిలు సామాన్ల వీధిలో కాదు, ఇంకెక్కడో పెద్ద మేడ మెట్ల మీద. ఎవరో ఆవిడ, సన్నగా, తెల్లటి బట్టల్లో ఉందట. మీ అన్నయ్య జబ్బ పట్టుకుని మెల్లగా ఒక్కో మెట్టూ దింపుతోందట. ఆయన ఆవిడకేసి చూసి తలూపుతున్నారట. నా చెయ్యి పట్టుకుని ఆయన ఎప్పుడైనా మెట్లు దిగారా? మా ఇంటికి మెట్లే లేవనుకో, అది వేరే సంగతి.

అడగలేదు నేను. అడిగితే అబద్ధం చెబుతారు. ఆ అబద్ధం విన్నాక నేను ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆయన గొంతు కూడా మారింది, బొంగురుగా, మెల్లగా మాట్లాడుతున్నారు. ఎవరితోనో గుసగుసలాడడం అలవాటైనవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది. ఈ మనిషి నాకు కాకుండా పోతాడేమోనని భయంగా ఉంది. ఇది నీకు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను.

నీ వదిన

మార్చి 2

వదిన గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కాస్త కటువుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను.

చివరి రెండు పెట్టెలూ చూశాం. చుక్కా, ఇంకో నీలం తాడు మేకా ఉండాల్సినట్టే ఉన్నాయి. ప్లీడరు కడుపు మాత్రం తారుమారైంది. నార తినే జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పిండి తినేవీ, పులుపు పుట్టించేవీ ఎర్ర తాడు మేకల్లో కన్నా ఎక్కువగా ఉన్నాయి. నెమరు ముద్ద వల్ల వచ్చిందేమోనని మొదట అనుకున్నాను. కానీ ఆ ముద్ద చుక్కది. చుక్క కడుపులో లేనిది దాని ముద్దలోకి ఎక్కణ్ణించి వస్తుంది? బస్తాల మనిషి మీద పెట్టకండి. మా దాణా పచ్చి గింజల నూక. పెంటికల్లో కనపడింది ఉడికిన పిండి. అంటే అన్నం. ఎప్పుడో ఒకసారి పడిన మెతుకులు కావు, రోజూ పెడుతున్నారు.

మీ పాకలోకి రోజూ అన్నం తీసుకెళ్ళగలిగిన వాళ్ళెవరో మీకే తెలియాలి. ప్లీడరు మీ ముద్దుల మేక. దాణా కోసం రోజంతా వాదిస్తోందని రాశారు ఒకసారి. జాలిపడి గిన్నెలో మిగిలింది దానికి పెడుతున్నారేమో. పెడితే పెట్టానని చెప్పండి, ఆ మేకని లెక్కలోంచి తీసేస్తాం. చెప్పకుండా పెడితే మాత్రం అది నన్ను మోసం చెయ్యడమే. మా పెద్దసారు అందరి ముందూ అడిగారు, "మీ వాళ్ళింట్లో పెట్టావుగా పరీక్ష, మీ వాళ్ళు నమ్మకస్తులేనా?" అని.

ఇక అన్నయ్య మీద నీలాపనిందలు. టైలరమ్మ కళ్ళు ఎంత నమ్మకమో ఆవిడ కుట్టిన నా జాకెట్టు చూస్తేనే తెలుస్తుంది. ఎవరో ఆవిడ పెద్దవాడు కదా అని చెయ్యి అందించి ఉంటుంది. అన్నయ్యకి ఫోను చేసి ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానన్నాడు. గొంతు బొంగురుగానే ఉంది, జలుబట. తన చేతిలో తప్పు పెట్టుకుని ఎదుటివాళ్ళ తప్పులు వెతకడం మంచిది కాదు.

ఇట్లు,
మీ ఆడపడుచు

మార్చి 6

మేడం గారికి,

మీరు, గారు, నమస్కారం. ఇంత మర్యాద మీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు కూడా నాకు దక్కలేదు.

నేను పెట్టలేదు. ఒక్క మెతుకు పెట్టలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. అసలు మా ఇంట్లో మిగిలితే కదా పెట్టడానికి? ఇద్దరికీ సరిపడా కొలిచి వండుతాను. గిన్నె అడుగు గీకి నేను తింటాను. మీ అన్నయ్య కంచం పాకలోంచి కడిగినట్టు తిరిగొస్తుంది, ఒక్క మెతుకు ఉండదు. ఇదివరకు అంచుల్లో కూర ముక్కలు ఏరి పెట్టేవారు, ఇప్పుడు అదీ లేదు. కంచం నిండా పెట్టింది పెట్టినట్టు తింటున్నారు, అయినా ఎముకలు తేలుతున్నాయి. ఇంత తిండి తిని ఎవరైనా చిక్కిపోతారా? మనసు ఇంకెక్కడో ఉంటే తిన్నది ఒంటికి పట్టదంటారు. అందుకే నా అనుమానం అనుమానం కాదు, నిజం.

అసలు నాకు ఇంకో సంగతి తడుతోంది. మీ లాబ్‌లో సీసాలు తారుమారు చెయ్యడం ఎంతసేపు? ఎర్ర తాడు సీసా తీసి నీలం తాడని రాస్తే అయిపోయె. వదిన దొంగ అని తేలితే, రేపు మీ అన్నయ్య నన్నొదిలి పోయినా, "అలాంటిదాన్ని ఎవరు భరిస్తారు" అనడానికి వీలుగా ఉంటుంది. మేకవన్నె పులి అంటే ఏమిటో మేకలు కాసేదాన్ని నాకే ఇన్నాళ్ళకి తెలిసింది.

ఇదే ఆఖరి పెట్టె. నీలం తాళ్ళూ, ఎర్ర తాళ్ళూ విప్పేసి ఇందులోనే పెట్టాను. ఇక మీ ఫోన్లు కూడా ఎత్తను.

మీ అన్నయ్య భార్య

మార్చి 8

వదినా,

కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, నీ చేతికే ఇమ్మన్నాను. పొద్దున్నించి ఫోను చేస్తూనే ఉన్నాను, నువ్వు ఎత్తడం లేదు. అన్నయ్యకి చేస్తే మళ్ళీ బాగానే ఉన్నానంటాడు. పోట్లాట తర్వాత. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను, ఇది మాత్రం నిలబడి చదువు.

నీ ఉత్తరం కోపంగా చదివాను. మళ్ళీ చదివాను. కంచం కడిగినట్టు వస్తోందన్నావు. మనిషి చిక్కిపోతున్నాడన్నావు. కంచం పట్టుకుని ప్లీడరు పక్కన కూర్చుంటాడన్నావు. ఆ మేక కడుపులో ఉన్నది అన్నం అని నేనన్నాను. మనిద్దరం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుచుకుంటున్నాం గానీ, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

వదినా, మేక తింటున్నది అన్నయ్య అన్నం.

ఆయన తినడం లేదు. తినలేకపోతున్నాడేమోనని నా భయం. గొంతు మారింది, మాట తగ్గింది, నేను జలుబని నమ్మేశాను. టైలరమ్మ చెప్పిన మేడ ఏమిటో, తెల్లబట్టలావిడ ఎవరో ఒక్కసారి ఇంకోలా ఆలోచించు. చదువుకున్నదాన్ని, నాకే ముందు తట్టాల్సింది. పెంటికల్లో పిండి చూసి దొంగని వెతికాను గానీ, ఆ అన్నం ఎవరి నోటికి అందాల్సిందో ఆలోచించలేదు.

ఇవాళ ఆయన పాకలోకి వెళ్ళాక వెనక కిటికీలోంచి చూడు. అరవకు. నా మాట తప్పయితే ఈ ఉత్తరం చించి పొయ్యిలో పడేసి నన్ను తిట్టుకో. తప్పవ్వాలనే కోరుకుంటున్నాను.

నీ ఆడపడుచు

మార్చి 20

అమ్మాయ్,

ఫోన్లో అప్పుడు ఏడుపు తప్ప ఏమీ చెప్పలేకపోయాను. ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. వరసగా చెబితేనే నాకూ అర్థమవుతుంది.

నీ ఉత్తరం అందిన పూటే చూశాను. ఆయన స్టూలు మీద కూర్చుని ముందు ఒక ముద్ద కలుపుకున్నారు, చిన్నపిల్లలకి పెట్టేంత. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. మెడ సాగదీసి, కళ్ళు గట్టిగా మూసుకుని, నీళ్ళతో మింగబోయారు. దిగలేదు. తువ్వాల్లోకి ఉమ్మేసుకుని గుండె మీద చేత్తో రాసుకున్నారు. ఇంకోసారి ప్రయత్నించారు. ఆ తర్వాత కంచం ప్లీడరు ముందు పెట్టారు. అది నాకి నాకి శుభ్రం చేస్తుంటే దాని మెడ నిమురుతూ, "మెల్లగా తినవే, ఆవిడకి వినపడుతుంది" అన్నారు.

నువ్వు అరవద్దన్నావు. అరవలేదు. వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర, ఆ పెంటికల మధ్యే కూలబడ్డాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా ఇంటి దొంగని మేక పట్టిచ్చింది. ఆయన నన్ను చూసి చేతిలో నీళ్ళగ్లాసు కింద పెట్టి, "కోప్పడకు" అన్నారు. ముందు ఆ మాటే అన్నారు. నేను ఎలాంటి భార్యనో ఆ ఒక్క మాటతో నాకు తెలిసింది.

అన్నం దిగే గొట్టంలో గడ్డ ఉందట. గురువారాలు డాక్టరు దగ్గరికే వెళ్ళారు. గొంతులోకి కెమెరా గొట్టం వేసి చూస్తే కళ్ళు తిరుగుతాయట, ఆ నర్సు అందుకే చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆవిడకి నేను మనసులో పెట్టిన పేర్లన్నీ తల్చుకుని మొన్న ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఎందుకో ఆవిడకి తెలియదు.

ఎందుకు చెప్పలేదో కూడా చెప్పారు. నీకు రాయకూడదనుకున్నాను, కానీ ఇందులో సగం తప్పు నీది. మొదట్లో ఒకరోజు అన్నం వదిలేస్తే నేను అన్నానట, "మీ చెల్లెలు వండితే దిగేది, నాది ఎందుకు దిగుతుంది" అని. మర్నాడూ అన్నానట, ఆ మర్నాడూ అన్నానట. కంచం ఖాళీగా వచ్చిన రోజు నా మొహం వెలిగిందట. ఇక ఆ మొహం కోసమే రోజూ ప్లీడరుకి పెట్టడం మొదలుపెట్టారు, ముందు కొద్దికొద్దిగా, తర్వాత దాదాపు కంచమంతా. గడ్డ అని తెలిశాక కూడా, కొన్నాళ్ళు అలాగే సాగనిద్దాం అనుకున్నారట. నువ్వూ నేనూ ఆయన్ని మధ్యలో పెట్టి వంట పందెం ఆడాం. ఆయన ఎవరు గెలిచారో చెప్పలేక పాకలోకి పోయి కూర్చున్నారు. నా మీద నాకు అసహ్యం వేసింది. నీ మీద కూడా కాస్త వేసింది, ఇప్పుడు లేదు.

గడ్డ కోసి తియ్యడానికి వీలైన చోటే ఉందని డాక్టరు అన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే వీలయ్యేది కాదట. పూర్తిగా నయమవుతుందా అంటే మాటివ్వనన్నారు. అబద్ధం చెప్పనందుకు ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది. ఒంట్లో సత్తువ కోసం ముక్కులోంచి గొట్టం వేసి పాలలాంటి ఆహారం పోస్తున్నారు. సోమవారం ఆపరేషను. నువ్వు ఆదివారానికి వచ్చెయ్. మేకల్ని టైలరమ్మ చూస్తోంది. ప్లీడరు మళ్ళీ ఆకులు తింటోందట, నెమరు వేస్తోందట, ఆవిడతో వాదిస్తోందట. నీ పరీక్ష చెడగొట్టాం, మీ పెద్దసారుకి ఏం చెప్పుకుంటావో ఏమో.

ఆయన తినలేరని నేను రోజూ డబ్బా పట్టుకుని వరండాలోకి పోయి, గోడకేసి తిరిగి తింటున్నాను. ఇవాళ పట్టేసుకున్నారు. ఇక్కడే కూర్చుని నా ఎదురుగా తినమన్నారు. నా వల్ల కాదన్నాను. బతిమాలారు. సరేనని కూర్చున్నాను. ఆయన చూస్తుంటే ముద్ద మింగడం ఎంత కష్టమో నీకు చెప్పలేను. ఎలా ఉందని అడిగారు. ఏదో చెప్పబోయి, ఇక మా మధ్య అబద్ధాలు వద్దనుకుని, ఉప్పు తక్కువైందన్నాను.

"నీ వంటలో ఉప్పెప్పుడూ తక్కువే" అన్నారు.

మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వంటకి ఆయన వంక పెట్టడం ఇదే మొదటిసారి. ఇంకేమేం తక్కువో వరసగా చెప్పమన్నాను. పప్పు ఉడకదట. వంకాయకి కారం ఎక్కువట. గొట్టం అడ్డొచ్చి ఆగుతున్నారు, ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఇది రాస్తుండగా కూడా లోపల్నించి పిలిచారు, ఇంకోటి గుర్తొచ్చిందట. వెళ్ళి వినాలి.

నీ వదిన